మణెమ్మ పెరడు, జానకమ్మ జింక

మణెమ్మ కుట్టిన జాకెట్టంటే అమీర్‌పేట ఆడవాళ్లకు నమ్మకం. మణెమ్మ నోరంటే భయం. భుజం జారిందని ఎవరైనా జాకెట్టు వెనక్కి తెస్తే కళ్లద్దాల మీదుగా చూసి, "నా కుట్టు జారలే, నువ్వే చిక్కినవ్. పోయి జర అన్నం తిను" అనేది. అన్నాక సరిచేసి ఇచ్చేది.

ఆమెది సిరిసిల్ల. నేతపని చేసే సాలోళ్ల పిల్ల. పెళ్లయిన కొత్తలోనే భర్త ఐలయ్యతో హైదరాబాదు వచ్చింది. ఐలయ్య పంజాగుట్టలో ఒక దర్జీ దుకాణంలో ప్యాంట్లు కుట్టేవాడు. నెమ్మదస్తుడు. మిషను చప్పుడే తప్ప అతని దగ్గర ఇంకో చప్పుడు వినపడేది కాదు. మొదట యూసుఫ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఆ గది ముందు, మోరీ పక్కనున్న జానెడు మట్టిలో మణెమ్మ కరివేపాకు మొక్క నాటింది. అది మోకాలెత్తు పెరిగాక ఇంటామె స్వరాజ్యం దాన్ని వేళ్లతో సహా పీకి, దారిన పోయే మేక ముందు పడేసింది.

"కిరాయికుండేటోళ్లు కిరాయికుండాలె. ఏర్లు వెట్టొద్దు" అంది.

మణెమ్మ ఎదురుమాట చెప్పకుండా ఊరుకున్నది జీవితంలో అదొక్కసారే అని ఐలయ్య చెప్పేవాడు. ఆ తర్వాత ఎన్నో గదులు మారారు. ఏ గది ముందూ ఆమె తులసి కూడా పెట్టలేదు. ఉన్న ఒక్క కూతురు సుమలతను జగిత్యాలకిచ్చి పెళ్లి చేశాక, 1998లో, బల్కంపేట నుంచి అమీర్‌పేటకు వచ్చే ఒక గల్లీలో పాత పెంకుటిల్లు కొన్నారు. ముందు రెండు గదులు, వెనక పెరడు. అప్పటికే ఆ చుట్టుపక్కల గోడలన్నీ కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయాయి. జిల్లాల నుంచి పిల్లలు పెట్టెలు మోసుకుని దిగుతున్నారు. మేడ ఉన్న ప్రతివాడూ హాస్టల్ పెడుతున్నాడు.

"వెనక నాలుగు రూములేసుకో మణెమ్మా, పిల్లలు ఎగబడి వస్తరు" అని గల్లీలో అందరూ చెప్పారు.

ఆమె నాలుగు గుంతలు తవ్వించి నాలుగు మొక్కలు నాటింది. హిమాయత్ మామిడి అంటు, సపోటా, జామ, సీతాఫలం. పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా వాటి దగ్గరికి వెళ్లేది. మామిడి ఎర్రగా చిగురు వేసిన రోజున, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ పెరట్లోకి లాక్కెళ్లి చూపించింది.

పక్కిల్లు సత్యనారాయణ గారిది. నేమ్‌ప్లేటు మీద వీరవెంకటసత్యనారాయణ అని పూర్తిగా ఉండేది. భీమవరం వైపు మనిషి, రోడ్ల కాంట్రాక్టరు, పంజాగుట్టలో ఆఫీసు. ఇంటి చుట్టూ మట్టి కనపడకుండా గ్రానైట్ పరిపించాడు. కారు తుడిచినట్టే ఆ రాళ్లనూ రోజూ తుడిపించేవాడు. భార్య జానకీదేవి. కూతురు హరిణి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. భర్త ఫోన్లతో మాట్లాడేవాడు, భార్యతో మాట్లాడటం తక్కువ. జానకీదేవికి ఆ గల్లీలో గడప దాటి వెళ్లే చోటు మణెమ్మ ఇల్లొకటే. కుట్టడానికి ఏమీ లేకపోయినా వచ్చి మిషను పక్కన కూర్చునేది.

మరుసటేడు సత్యనారాయణ గారి రోడ్డు పని ఏదో అడవిలో పడింది. అక్కణ్నుంచి ఒక జింకపిల్లను కారులో వేసి తెచ్చాడు. చేతుల్లో పట్టేంత ఉంది. తల్లిని సైటు మీద పనివాళ్లు వండుకుని తిన్నారట. దీన్ని సారుకు కానుకగా ఇచ్చారు. జానకీదేవి దానికి సీసాతో పాలు పట్టింది, బుజ్జిగాడని పేరు పెట్టింది, మెడలో మువ్వ కట్టింది. రాత్రిళ్లు తన మంచం పక్కనే గోనెపట్టా వేసి పడుకోబెట్టింది. జింకను ఇంట్లో పెంచడం నేరమని గల్లీలో అందరికీ తెలుసు. సత్యనారాయణ గారి పరపతి కూడా అందరికీ తెలుసు.

రెండువేల సంవత్సరం ఆగస్టులో ఊరంతా మునిగిన వానకు రెండిళ్ల మధ్య గోడ ఒకచోట కూలింది. నీళ్లు తీసిన రెండో రోజే బుజ్జిగాడు ఆ సందులోంచి మణెమ్మ పెరట్లోకి వచ్చాడు. అప్పటిదాకా దానికి తోటకూర కట్టలు, అరటి తొక్కలు, మారీ బిస్కెట్లు తెలుసు. చెట్టు మీది ఆకు తెలియదు. జామ కొసలు తిన్నాడు. సపోటా కొసలు తిన్నాడు. మామిడి కొత్త చిగురును ఒక్కటీ మిగల్చకుండా తిని, మిషను దగ్గరికి వచ్చి మణెమ్మ చెయ్యి నాకాడు.

ఐలయ్యకు ముచ్చటేసింది. "ఎట్ల జూస్తున్నదో సూడు" అన్నాడు.

"నీకు ముచ్చటనే. నీళ్లు వోసింది నేను" అంది మణెమ్మ.

ఆమె వెళ్లి గోడ సంగతి అడిగింది. సత్యనారాయణ గారు నవ్వుతూ, "కట్టిస్తానమ్మా, మేస్త్రీలందరూ సైటు మీద ఉన్నారు" అన్నాడు. దసరాకు అడిగితే అదే మాట, సంక్రాంతికీ అదే మాట. ఊరూరా రోడ్లు వేసే మనిషికి ఆ బారెడు గోడ కట్టడానికి మనిషి దొరకలేదు. మణెమ్మ తుమ్మకంప తెచ్చి సందులో వేసింది. రేకులు అడ్డం పెట్టింది. జింక ఎదిగింది. రేకుల మీద నుంచి దూకి వచ్చేది. చెట్లకు గోనెసంచులు చుడితే సంచులు లాగేసి తినేది. మామిడి చిగురేయడం, అది తినడం. మళ్లీ చిగురేయడం, మళ్లీ తినడం. మూడేళ్ల మొక్క మణెమ్మ నడుము దాటలేదు. సీతాఫలం ఒక్కటే నిక్షేపంగా పెరిగింది. ఆ ఆకు మేక కూడా ముట్టదు. కనీసం అదొక్కటి బతుకుతుందనుకుంది.

ఒకరోజు కోపమాగక, "పోలీసులకు జెప్తా సార్" అంది.

సత్యనారాయణ గారికి కోపం రాలేదు. "చెప్పుకోమ్మా. నాకు తెలియనివాళ్లు ఎవరున్నారు?" అన్నాడు. "అయినా ఎందుకీ గొడవ? ఆ పెంకుటిల్లు నాకిచ్చేయ్. అప్పుడు గోడే అక్కర్లేదు."

గోడ ఎందుకు లేవడం లేదో ఆ రోజు ఆమెకు అర్థమైంది.

ఆ తర్వాతి ఎండాకాలం చివర్లో సిరిసిల్ల నుంచి కబురొచ్చింది. మణెమ్మ తమ్ముడు ఆనందం పురుగుల మందు తాగాడు. మరమగ్గాల సాంచెలు బందై, పని లేక, ఇంట్లో పిల్లల మొహాలు చూడలేక తాగాడు. వీళ్లు పోయేసరికి ఆస్పత్రిలో ఇంకా ప్రాణముంది. కాళ్లూ చేతులూ మంచానికి కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి నురుగు ఆగడం లేదు. మణెమ్మ గుమ్మం దాకా పోయి లోపలికి అడుగు పెట్టలేకపోయింది. బయట గోడకు మొహం పెట్టుకుని నిలబడింది. లోపల ఐలయ్య బావమరిది కాళ్లు రెండూ తన ఒళ్లో అదిమి పట్టుకుని, అవి కొట్టుకోవడం ఆగేదాకా కూర్చున్నాడు.

సిరిసిల్లకు బయల్దేరేముందే జానకీదేవి చేతులు పట్టుకుని చెప్పింది మణెమ్మ. "నేనొచ్చేదాంక మీ జింకను జర కట్టేయున్రి."

దినాలు అయ్యాక తిరిగొచ్చి, తల వెంట్రుకలు కూడా ముడి వేసుకోకుండా నేరుగా పెరట్లోకి వెళ్లింది. మామిడి అంటు జానెడు మోడుగా మిగిలింది. సీతాఫలం చెట్టు నిలబడే ఉంది కానీ ఆకులన్నీ వేలాడుతున్నాయి. దగ్గరికి పోయి చూసింది. మోకాలి ఎత్తు నుంచి రొమ్ము ఎత్తు దాకా చుట్టూరా బెరడు లేదు. తెల్లటి కట్టె తడిగా మెరుస్తోంది. కింద పీచులు పీచులుగా బెరడు, దాంతోపాటు నెత్తురంటిన తోలు ముక్కలు. బుజ్జిగాడికి కొమ్ములు వచ్చాయి. వాటి మీదున్న మెత్తటి తోలు దురదపెట్టి, ఆ చెట్టుకేసి రుద్దుకున్నాడు. చుట్టూ బెరడు పోయిన చెట్టు బతకదు.

జానకీదేవి సందులోంచి తొంగి చూసింది.

"వచ్చావా మణెమ్మా. కట్టేస్తే రాత్రంతా అరిచాడు. పాపమనిపించింది, విప్పేశాను" అంది.

మణెమ్మ వంగి బెరడు పీచు ఒకటి చేతిలోకి తీసుకుంది.

"పశువు, దానికేం తెలుసు? మొక్కలే కదా. ఇంకోటి నాటుకుంటే సరి."

ఆ మాటలో చెడ్డబుద్ధి లేదు. జానకీదేవికి ఎవరి మీదా చెడ్డబుద్ధి ఉండేది కాదు. తన జింక తప్ప ఇంకేదీ కంటికి ఆనకపోవడమే ఆమె తప్పు. తమ్ముడు పోయిన మనిషిని ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

మణెమ్మ మోండా మార్కెట్ వైపు పోయి, విత్తనాల కొట్లో పురుగుల మందు సీసా కొని, మిషను వెనక బట్టల మూటలో పెట్టింది. కొన్నాక వెంటనే వాడలేదు. ఒకసారి మూట విప్పి చూసి, మళ్లీ కట్టేసింది. తమ్ముడు తాగిన మందు వాసన ఆమెకు తెలుసు. ఆస్పత్రి వరండా అంతా అదే వాసన. తెలిసే కొన్నది, తెలిసే దాచింది. ఆషాఢంలో, ఎల్లమ్మ కల్యాణం ముందురోజు, ఐలయ్య దుకాణం నుంచి రాకముందే, జామచెట్టు లేత కొమ్మలకు దాన్ని పట్టించింది. జామాకు బుజ్జిగాడికి అన్నిటికన్నా ఇష్టం.

తెల్లవారింది. బల్కంపేట గల్లీలన్నీ మైకుల మోతతో నిండిపోయాయి. అమ్మవారి గుడి నుంచి అమీర్‌పేట దాకా జనం. ప్రతి గల్లీ మొగదలా పోలీసులు తాళ్లు కట్టి నిలబడ్డారు. మణెమ్మ తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, అమ్మవారికి ఒడిబియ్యం పళ్లెంలో సర్దుకుంటోంది. పెరట్లోంచి మువ్వ చప్పుడు వినిపించింది. ఎప్పటిలా ఒక్కో అడుగుకీ ఒక్కో చప్పుడుగా లేదు. ఆగకుండా మోగుతోంది.

జింక సపోటా మొదట్లో పక్కకు పడి ఉంది. నాలుగు కాళ్లూ గాలిలో పరుగెత్తుతున్నట్టు కొట్టుకుంటున్నాయి. మూతి చుట్టూ నురుగు. తల రాళ్లకు కొట్టుకుంటోంది. జానకీదేవి చెప్పుల్లేకుండా, జుట్టు విరబోసుకుని సందులోంచి పరుగెత్తుకొచ్చింది. దాని తల ఒళ్లోకి తీసుకుంది. కొమ్ము ఆమె మోచేతిని చీల్చింది. ఆమె చూసుకోలేదు.

"నీళ్లు, మణెమ్మా. తొందరగా నీళ్లు తీసుకురా."

మణెమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. జానకీదేవి దోసిలితో దాని నోట్లో పోస్తుంటే ఆ నీళ్లు నురుగుతో కలిసి పక్కకు కారిపోయాయి.

సత్యనారాయణ గారు ఫోను చేత్తో పట్టుకుని సందు దగ్గర నిలబడ్డాడు.

"డాక్టర్ని పిలవండి" అంది జానకీదేవి.

"పిలిస్తే ఇది ఎక్కడిదని అడుగుతాడు. ఏం చెప్పమంటావు? రేపు పేపర్లో పడతాం."

"చచ్చిపోతున్నాడండీ."

"అయితే అయింది. ఎంతసేపులే, ఇంకాసేపు. నువ్వు ఇంట్లోకి రా."

జానకీదేవి లేవలేదు. ఐలయ్య వచ్చి, ఏమీ అడగకుండా కింద కూర్చుని, రాళ్లకు కొట్టుకుంటున్న ఆ కాళ్లను తన ఒళ్లో అదిమి పట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది. గుడి వైపు నుంచి కల్యాణం మంత్రాలు మైకులో వస్తూనే ఉన్నాయి. సిరిసిల్ల ఆస్పత్రిలో గోడకు తిరిగి నిలబడిన మణెమ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు. తిప్పుకుంటే తెలిసిపోతుందని భయపడింది. అక్కడ చూడలేనిదంతా ఇక్కడ నిలబడి చూసింది. కాళ్లు ఆగాక ఐలయ్య తల ఎత్తాడు. జామకొమ్మల వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు.

"ఆనందం సుత గిట్లనే తన్నుకున్నడు" అన్నాడు.

జానకీదేవి అది వినలేదు, విన్నా ఆమెకు అర్థమయ్యేది కాదు. మణెమ్మ వెళ్లి గడప మీద కూర్చుంది.

శవాన్ని ఏం చేయాలన్నది సత్యనారాయణ గారి కష్టం. కారులో వేసుకుని పోదామంటే గల్లీ మొగదలే పోలీసులు. అలాగే ఉంచితే ఎండకు వాసన వస్తుంది. తన ఇంట్లో తవ్వడానికి పిడికెడు మట్టి లేదు.

"ఐలయ్యా, ఇక్కడే తవ్వేయ్" అన్నాడు, ఆ పెరడు తనదే అయినట్టు.

కాదనడానికి ఆ రోజు మణెమ్మకు నోరు లేదు. మామిడి మోడుకూ సపోటాకూ మధ్య ఐలయ్య గుంత తవ్వాడు. మోడు కింద నుంచి ఒక కొత్త చిగురు వస్తోంది. తవ్వుతుంటే పలుగుకు దాని వేళ్లు తెగాయి. అది చూసి కూడా మణెమ్మ ఆగమనలేదు. జింకను గుంతలోకి దించబోతుంటే సత్యనారాయణ గారు, "ఉండు, కొమ్ములు కోసి ఇటివ్వు. ఎలాగూ పోయింది కదా, హాల్లో పెట్టుకుందాం" అన్నాడు.

ఐలయ్య పలుగు కింద పెట్టాడు. "నాతోని కాదు సార్. మీరే కొయ్యున్రి."

సత్యనారాయణ గారు గుంత వైపు చూసి, చొక్కా వైపు చూసుకుని, మోగుతున్న ఫోను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఒడిబియ్యం పళ్లెం ముందుగదిలో అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఐలయ్య జామచెట్టును మొదలంటా నరికి, ఆకులతో సహా కాల్చేశాడు. భార్యను తిట్టలేదు. ఆమె పెట్టిన అన్నం తిన్నాడు. కానీ ఆమె చేత్తో ఇచ్చిన మంచినీళ్లు మాత్రం ముట్టలేదు. గ్లాసు తెచ్చి పక్కన పెడితే లేచి వెళ్లి, కుండలోంచి తానే ముంచుకుని తాగేవాడు. ఒకరోజు మణెమ్మ నిలదీసింది.

"నా చేతుల నీళ్లు విషమా ఏంది?"

"నాకేం తెలుసు" అన్నాడు ఐలయ్య.

ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు.

అంతకన్నా పెద్ద శిక్ష జానకీదేవి వేసింది, తనకు తెలియకుండానే. రోజూ సాయంత్రం సందులోంచి వచ్చి, ఆ మట్టికుప్ప పక్కన రాయి మీద కూర్చునేది. బుజ్జిగాడు పాల సీసా ఎలా లాక్కునేవాడో, తన కొంగు ఎలా నమిలేవాడో చెప్పేది. ఏ పామో కరిచి ఉంటుందని ఒకరోజు, ఎవరో తమ మీద ఏడ్చేవాళ్లు మందు పెట్టి ఉంటారని ఒకరోజు అనేది. "నువ్వు చెంబుతో నీళ్లు తెచ్చావు చూడు, ఆ సాయం నేను మర్చిపోను మణెమ్మా" అనేది. మణెమ్మ టీ పెట్టి ఇచ్చేది. మొదట్లో ఆ కన్నీళ్లు చూస్తే ఆమెకు లోపల కొంచెం తృప్తిగా కూడా ఉండేది. నా మామిడి పోయినప్పుడు నువ్వు ఏడ్చినవా అనుకునేది. అది ఎక్కువకాలం నిలవలేదు. సాయంత్రమవుతుంటే దీపం ఆర్పేసేది. తలుపు వేసుకుని పడుకున్నా జానకీదేవి తట్టి లేపేది.

అలా రెండేళ్లు గడిచాయి. సత్యనారాయణ గారు బంగళాను కంప్యూటర్ కోర్సుల వాళ్లకు అమ్మేశాడు. నిజాంపేటలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. వెళ్లిపోయే ముందురోజు జానకీదేవి మణెమ్మకు కొత్త చీర తెచ్చింది. నిజాంపేటకు రావాలని, వచ్చి నాలుగు రోజులుండాలని బతిమాలింది.

"ఈ ఊళ్లో నాకు నీకంటే ఎవరున్నారు?" అంది.

మణెమ్మ ఆ చీర తీసుకోలేకపోయింది.

"నేనే వెట్టిన, జానకమ్మా. మందు నేనే వెట్టిన."

జానకీదేవికి చాలాసేపు ఆ మాట ఎక్కలేదు. ఎక్కాక కేక పెట్టలేదు, ఏడవలేదు.

"దేంట్లో పెట్టావు?"

"జామాకుల."

"ఇష్టంగా తిన్నాడా?"

మణెమ్మ నేలచూపులు చూస్తూ, "తిన్నడు" అంది.

జానకీదేవి సగం తాగిన టీ గ్లాసు వైపు చూసింది. "రెండేళ్లు నీ చేత్తో నాకు టీ తాగించావు" అంది. తర్వాత పెరటి వైపు చూసింది. పేరుకు సపోటా ఒక్కటే నిలబడి ఉంది. "ఈ పుల్లల కోసమా" అంది. చీర తీసుకుని వెళ్లిపోయింది.

మరునాడు లారీలో సామాను ఎక్కిస్తుండగా జానకీదేవి గోడ దగ్గరికి వచ్చి, మణెమ్మ ఇన్నేళ్లూ కుట్టిన జాకెట్లన్నీ ఒక్కొక్కటే ఇవతలికి విసిరేసింది. పట్టువి, నూలువి, కూతురి ఓణీల మీదివి, అన్నీ. మణెమ్మ వాటిని ఏరలేదు. ఐలయ్య ఏరి, మూటకట్టి, దారిన పోయే పాతబట్టల ఆమెకు ఇచ్చేశాడు.

బంగళా కూల్చి ఆరంతస్తులు లేపారు. పెరట్లో మధ్యాహ్నమైనా ఎండ పడదు. సపోటా సూర్యుణ్ని వెతుక్కుంటూ సన్నగా, కొమ్మల్లేకుండా మూడో అంతస్తు దాకా సాగింది. పూత లేదు, కాయ లేదు. కిటికీ పక్కన కూర్చుని జావా నేర్చుకునే పిల్లలు బిస్కెట్ల కాగితాలు ఆ పెరట్లోకే పడేస్తారు. మణెమ్మ కిందనుంచి తిడుతుంది. ఏసీ మోతలో ఆమె తిట్లు పైకి వినపడవు.

2009లో ఐలయ్యకు పక్షవాతం వచ్చింది. సోమాజిగూడ ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడిచెయ్యి లేవడం లేదు, మాట పడిపోయింది. కుండ దాకా వెళ్లలేడు. నీళ్లు మణెమ్మే తాగించాలి. ఆమె తల కింద చెయ్యి పెట్టి లేపి, గ్లాసు పెదవులకు ఆనించినప్పుడల్లా అతను ముందు కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఆ తర్వాత నోరు తెరిచేవాడు.